అమ్మాయి హెల్త్ పాలసీ అంటోంది, అన్నం పెడుతుందా?

ప్రశ్న: మాది నరసన్నపేట. మెడికల్ షాపు ఉంది. మా అమ్మాయి ఫార్మ్‌డీ ఐదో సంవత్సరం చదువుతోంది. చదువయ్యాక హైదరాబాద్‌లో ఏదైనా ఫార్మా కంపెనీలో చేరుతుందనుకుంటే, హెల్త్ పాలసీ రీసెర్చ్ చేస్తానంటోంది. అమెరికాలో ఒక యూనివర్సిటీ విభాగంలో మందుల ధరలు, ఆస్పత్రుల సైబర్ సెక్యూరిటీ, సిగరెట్ మానిపించడం, ఈ మూడింటి మీదా ఒకే చోట పరిశోధన చేస్తారట. వినడానికే విడ్డూరంగా ఉంది. ఇదసలు ఏం చదువు? అన్నం పెడుతుందా? ఎంపీహెచ్‌కి (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) ఇంకో రెండేళ్లు డబ్బు పెట్టమంటారా?

జవాబు: నమస్కారమండీ. అన్నం పెడుతుంది. బిర్యానీ పెట్టడానికి మాత్రం కొన్నేళ్లు పడుతుంది. మొదట దొరికేవి రీసెర్చ్ అసిస్టెంట్, ప్రాజెక్ట్ అసోసియేట్ లాంటి కాంట్రాక్టు ఉద్యోగాలే. ప్రాజెక్టుకి వచ్చిన గ్రాంటు డబ్బు అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి. అమ్మాయి క్లాస్‌మేట్లు ఫార్మకోవిజిలెన్స్‌లో, అంటే మందుల దుష్ప్రభావాలు కనిపెట్టి చూసే పనిలో చేరి మొదటి రెండు మూడేళ్లు ఎక్కువే తెచ్చుకుంటారు. ఆ పోలిక మీ ఇంట్లో టెన్షన్ పెట్టకుండా ఉంటే మిగతాది మాట్లాడుకోవచ్చు.

మీకు విడ్డూరంగా తోచిన ఆ మూడూ నిజానికి ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది, లేదా ఆస్పత్రికి ఒక దెబ్బ తగిలింది. దానివల్ల రోగికి ఏమైంది? అది జరగకపోయి ఉంటే ఏమయ్యేది? ఈ రెండో ముక్కకి లెక్కతో జవాబు చెప్పడమే ఈ వృత్తి.

మందుల ధరల సంగతి మీకు నేను చెప్పేదేముంది? 2013 ధరల ఉత్తర్వు ప్రకారం, అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్న మందుకి గరిష్ఠ ధర ఎలా కడతారో మీకు తెలిసే ఉంటుంది. మార్కెట్‌లో 1 శాతం, ఆపైన వాటా ఉన్న బ్రాండ్లు మీలాంటి రిటైలర్లకి ఏ ధరకి పడుతున్నాయో సగటు తీసి, దాని మీద మీ మార్జిన్ 16 శాతం కలుపుతారు. జెనరిక్ స్ట్రిప్ మీద అచ్చయిన ఎమ్మార్పీ ఎంతో, అది మీకు పడే ధర ఎంతో మీ కొనుగోలు బిల్లుల్లోనే ఉంటుంది. ఆ తేడా ఎవరి జేబులోకి వెళ్తోందో తెలుసుకోవడానికి పరిశోధకులు నెలల తరబడి డేటా కోసం తిరుగుతారు. మీ అమ్మాయికి అది గల్లాపెట్టె పక్కనే ఉంది.

ఇంకో ఉదాహరణ చెప్తాను. 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్లకి కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది. మామూలు మెటల్ స్టెంట్‌కి 7,260 రూపాయలు, మందు పూసినదానికి 29,600. అంతకుముందు లక్ష పైన బిల్లు వేసినవాళ్లూ ఉన్నారు. స్టెంట్ ధర తగ్గింది, సంతోషం. మరి డిశ్చార్జి రోజున చేతిలో పెట్టిన మొత్తం బిల్లు తగ్గిందా? బెలూన్, క్యాథటర్, ప్రొసీజర్ ఛార్జీలు పెరిగాయా? కొత్త రకం స్టెంట్లు మన దగ్గరికి రావడం ఆలస్యమైందా? ఇలా ఒక ఉత్తర్వు మీద నాలుగు థీసిస్‌లు రాయొచ్చు.

సైబర్ సెక్యూరిటీ అంటే అమ్మాయి హ్యాకింగ్ నేర్చుకోవాలేమోనని కంగారు పడకండి. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్ దాడితో, అంటే డేటాకి తాళం వేసి డబ్బు అడిగే రకం దాడితో ఆగిపోయాయి. ఓపీ చీటీలు, ల్యాబ్ రిపోర్టులు రోజుల తరబడి చేత్తో రాయాల్సి వచ్చింది. దాడి ఎవరు చేశారన్నది పోలీసుల పని. ఆ రోజుల్లో రిపోర్టు ఎన్ని గంటలు ఆలస్యమైంది, ఎంతమంది తిరిగి వెళ్లిపోయారు అన్నది మీ అమ్మాయి పని. 2021 మేలో అమెరికాలోని శాన్ డియాగోలో ఒక ఆస్పత్రి గ్రూపు మీద ఇలాంటి దాడి జరిగితే, పరిశోధకులు పక్క ఆస్పత్రి ఎమర్జెన్సీ లెక్కలు తీసి చూశారు. దాడి జరగని ఆ ఆస్పత్రిలో కూడా రద్దీ పెరిగింది, ఎదురుచూపు పెరిగింది. నాకు బాగా నచ్చిన పని అది. అయితే మన దగ్గర ఈ రంగంలో ఉద్యోగాలు ఇంకా తక్కువ. దీన్ని నమ్ముకుని మాత్రం దిగొద్దు.

పొగాకు విషయానికొస్తే, మీ జిల్లా కన్నా మంచి బడి ఎక్కడుంది? తీర గ్రామాల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ మీరు చూసే ఉంటారు. దానివల్ల అంగిట్లో వచ్చే మచ్చలు, క్యాన్సర్ గురించి అర్ధశతాబ్దం కిందటే పరిశోధకులు శ్రీకాకుళం పల్లెలు తిరిగి రాశారు. ఇప్పుడు విధానాల సంగతి చూడండి. పొగాకు మాన్పించే హెల్ప్‌లైన్ నంబరు 1800-11-2356 సిగరెట్ ప్యాకెట్ మీద అచ్చేయిస్తున్నారు. చేత్తో చుట్టిన చుట్టకి ప్యాకెట్టే ఉండదు కదా! 2022 అత్యావశ్యక మందుల జాబితాలో, పొగాకు మానేవాళ్లకి దాని బదులు ఇచ్చే నికోటిన్ గమ్ లాంటివి చేర్చారు. సంతోషమే, కానీ పళ్లూడిన అవ్వ నికోటిన్ గమ్ ఎలా నములుతుంది? దేశం మొత్తం మీద పొగాకు వాడే పెద్దవాళ్లు 2009-10 సర్వేలో 34.6 శాతం ఉంటే 2016-17 నాటికి 28.6కి తగ్గారు. ఆ తగ్గుదలలో మీ ఊరి అవ్వల వాటా ఎంత? ఢిల్లీలో కూర్చున్నవాళ్లకి ఈ ప్రశ్నే తట్టదు. నరసన్నపేట పిల్లకి తడుతుంది.

ఇక చదువు సంగతి. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, తిరువనంతపురంలో శ్రీ చిత్ర సంస్థకి చెందిన అచ్యుత మీనన్ సెంటర్, ఈ మూడూ ముందు చూడండి. అమెరికా ఎంపీహెచ్‌కి అప్పు చేసి ఇప్పుడే పంపొద్దని నా గట్టి అభిప్రాయం. అక్కడ ఎంపీహెచ్‌కి ఎక్కువగా సొంత డబ్బే పెట్టుకోవాలి, పీహెచ్‌డీకి మామూలుగా వాళ్లే స్టైపెండ్ ఇస్తారు. ఇక్కడ రెండు మూడేళ్లు పనిచేసి, ఒకటి రెండు పేపర్లలో పేరు వచ్చాక పీహెచ్‌డీకే వెళ్లొచ్చు. ఇక్కడైతే, మందులూ పరికరాలూ పెట్టిన ఖర్చుకి తగ్గవేనా అని ప్రభుత్వం కోసం తేల్చే హెచ్‌టీఏ కేంద్రాలున్నాయి. హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో హెల్త్ ఎకనామిక్స్ టీములున్నాయి. బిర్యానీ దొరికేది ఎక్కువగా అక్కడే. ఫార్మ్‌డీ వాళ్లని అక్కడ ఇష్టంగానే తీసుకుంటారు.

ఒక హెచ్చరిక, నా తప్పులోంచే. కొన్నేళ్ల కిందట ఒకబ్బాయి ఉత్సాహం చూసి ఎంపీహెచ్‌లో చేరమన్నాను. సమాజసేవ అంటే ప్రాణం, స్టాటిస్టిక్స్ అంటే భయం. మొదటి సెమిస్టర్‌లోనే చేతులెత్తేశాడు. వాడికి ఎన్‌జీఓలో ఫీల్డ్ పని చెప్పాల్సింది, నేను గమనించుకోలేదు. ఈ రంగంలో రోజులో ఎక్కువ భాగం తప్పులున్న ఎక్సెల్ షీట్లు సరిచేయడంతోనే గడిచిపోతుంది.

కాబట్టి ఫీజు కట్టేముందు ఒక పని చేయించండి. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు బీపీ మందు ఒకటి, అదే మందు ఐదారు బ్రాండ్లు ఎంచుకోమనండి. రెండేళ్ల మీ కొనుగోలు బిల్లులు తీసి తేదీ, మీకు పడిన ధర, ఎమ్మార్పీ షీట్‌లో ఎక్కించమనండి. బిల్లుల్లో కొన్ని చిరిగి ఉంటాయి, కొన్నింట్లో ఆఫర్ కింద వచ్చిన ఫ్రీ స్ట్రిప్‌లు కలిసి ఉంటాయి. వాటినేం చేయాలో తనే తేల్చుకోవాలి, మీరు చెప్పొద్దు. రెండో రోజుకి విసుగొచ్చి వదిలేస్తే ఫార్మా కంపెనీ ఉద్యోగమే మంచిది, అందులో చిన్నతనమేమీ లేదు. రాత్రి పదింటికి మీ దగ్గరికొచ్చి, "నాన్నా, మార్చిలో ఈ ఒక్క బ్రాండ్ ధర ఎందుకు మారింది?" అని అడిగితే ఎంపీహెచ్ దరఖాస్తు నింపండి.

ఆ షీటు నాకూ పంపమనండి. నలభై వరసలున్నా చాలు.