సముద్రం మీద రంపపు పొట్టు

ప్రశ్న: మేడమ్ గారూ, మాది కాకినాడ దగ్గర ఉప్పాడ. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. వేట నిషేధానికి ముందు, మార్చి నెలాఖర్లో మా నాన్న, బాబాయి వేటకి వెళ్తే, ఒడ్డు కనిపించనంత దూరంలో నీళ్ళ మీద గోధుమరంగు పొట్టు చారలు చారలుగా తేలుతూ కనిపించిందట. అచ్చం రంపపు పొట్టు పారబోసినట్టే ఉందట. ఏదో ఫ్యాక్టరీ వదిలిన మురికి అనుకుని వల వెయ్యకుండానే తిరిగొచ్చేశారు. ఆ రోజు డీజిల్ ఖర్చంతా దండగ. అసలు అదేమిటి? అక్కడ పట్టిన చేప తినొచ్చా?
– ఓ పాఠకుడు, ఉప్పాడ

జవాబు: బాబూ, నెల మార్చి, రంగు గోధుమ, పైగా చారలు. ఈ మూడూ చదవగానే నాకు తట్టిన పేరు ట్రైకోడెస్మియం, నీళ్ళ మీద తేలే ఒక సూక్ష్మజీవి. సీసాలో పట్టి చూడందే ఖాయం చెయ్యకూడదు. ఎలా చూడాలో కింద రాస్తాను.

దీన్ని నేను మొదటిసారి చూసింది విశాఖలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో. అదీ మార్చి నెలే. గాలి లేదు, సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. బోటు మీంచి బకెట్ దించి పైకి లాగితే నువ్వుగింజ పొడవున్న తునకలు వందల కొద్దీ తేలుతున్నాయి. చేత్తో కలిపి వదిలితే కాసేపటికి మళ్ళీ అన్నీ పైకే వచ్చేశాయి. కొన్ని నీళ్ళు హార్లిక్స్ సీసాలో పోసి ఇంటికి తెచ్చి కిటికీలో పెట్టాను. తెల్లారేసరికి పొట్టంతా పచ్చబడి పైన పేరుకుపోయింది, కింద నీళ్ళు లేత గులాబీ రంగుకి తిరిగాయి. బీట్‌రూట్ కడిగిన నీళ్ళనుకుని మా అమ్మ పారబోయబోయింది. ఆ కణాల్లో ఫైకోఎరిత్రిన్ అనే ఎర్ర రంగు ఉంటుంది, అది నీళ్ళలో కరుగుతుంది. పత్రహరితం కరగదు. కణం చచ్చి పగిలితే ఎరుపు నీళ్ళలోకి దిగిపోతుంది, పచ్చదనం పొట్టులోనే ఉండిపోతుంది.

ఆ తునకని మైక్రోస్కోపు కింద పెడితే గడ్డిమోపు కట్టినట్టు పోగులు పోగులుగా కనిపిస్తుంది. ఒక్కో పోగులో వంద దాకా కణాలు గొలుసులా అతుక్కుని ఉంటాయి. 1832 మార్చిలో బ్రెజిల్ తీరాన, అబ్రోలోస్ దీవుల దగ్గర డార్విన్ దీన్ని చూసి, తరిగిన ఎండుగడ్డి ముక్కలు నీళ్ళ మీద పరిచినట్టుందని రాసుకున్నాడు. మీ నాన్నకి రంపపు పొట్టు, ఆయనకి ఎండుగడ్డి. ఇద్దరి చూపూ సరైనదే.

ఇది నాచు జాతి మొక్క కాదు, బాక్టీరియా. ఎండని వాడుకుని బతికే నీలి ఆకుపచ్చ బాక్టీరియా. దీనికున్న అసలు విద్య గాలిలోని నత్రజనిని పట్టి అమ్మోనియాగా మార్చుకోవడం. మీ గోదావరి జిల్లాల రైతుకి ఇది చెప్పక్కర్లేదు. వరి కోశాక మినుము ఎందుకు చల్లుతారు, జనుము పెంచి పొలంలోనే ఎందుకు కలియదున్నుతారు? వాటి వేరుబుడిపెల్లో ఉన్న బాక్టీరియా చేసే పనీ ఇదే. గాలిలో 78 శాతం నత్రజనే అయినా దాన్ని విడగొట్టి వాడుకునే ప్రాణులు బహు కొద్ది.

మరి మన బంగాళాఖాతంలో ఎందుకిలా? గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ కలిసి మన సముద్రంలో పోసే మంచినీళ్ళు తేలిక. ఉప్పునీళ్ళ మీద మీగడలా పరుచుకుంటాయి. నైట్రేట్ల సరుకంతా అడుగున ఉండిపోతుంది, ఆ మీగడని చీల్చుకుని పైకి రావడం కష్టం. పైన ఎండ పుష్కలంగా ఉంటుంది, ఎరువు మాత్రం ఉండదు. ఆ పైనీళ్ళు ఒక్క చెంచాడు తీసుకున్నా అందులో 50 లక్షల దాకా బాక్టీరియా ఉంటాయి, వైరస్‌లు దానికి పదింతలు. అందరికీ నత్రజని కరువే. వేసవి మొదట్లో గాలులు తగ్గి, నీళ్ళు వెచ్చబడి నిలకడగా ఉన్నప్పుడు, గాలిలోంచే సొంత ఎరువు తయారుచేసుకునే ఈ పొట్టుకి పండగ. ఆ పనికి ఇనుము కావాలి. గాలి మోసుకొచ్చే దుమ్ములోంచి దాన్ని రాబట్టుకుంటుంది, దుమ్ము రేణువుల్ని పోగుల మధ్య పట్టి ఉంచుకుంటుంది కూడా.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇంకొకటి ఉంది. ఈ పొట్టుని నేరుగా తినే జీవులు చాలా తక్కువ. మాక్రోసెటెల్లా అనే సన్నటి కోపిపాడ్ (రొయ్య జాతికి చుట్టమైన చిట్టి జీవి) ఒకటి దీన్ని తింటుంది, దీన్నే తెప్పలా పట్టుకుని తేలుతుంది. మిగతావాళ్ళకి అందేది ఇందులోంచి కారేదే. తను చేసుకున్న నత్రజనిలో చాలా భాగాన్ని బతికుండగానే నీళ్ళలోకి వదిలేస్తుంది. పోగుల సందుల్లో కాపురమున్న వేరే బాక్టీరియా, చుట్టూ ఉన్న సూక్ష్మ శైవలాలు (కంటికి ఆనని నాచు) దాన్ని అందుకుని పెరుగుతాయి. వాటిని తినే చిన్న జీవులు, వాటిని తినే చేపపిల్లలు, ఆపైన మీ నాన్న వల. ఈ పొట్టు చచ్చాక వదిలేదీ చుట్టూ ఉన్న ఆ సూక్ష్మజీవులకే. ఆ చారల్ని మురికి అనడానికి నాకు మనసొప్పదు. వేసవిలో మన సముద్రానికి పచ్చిరొట్ట ఎరువు అవే.

చేప మాట. అక్కడ బతికుండగా వలలో పడ్డ చేపని మామూలుగా వండుకోవచ్చు. తెల్లబడి తేలే చేపల జోలికి మాత్రం పోవద్దు. పొట్టు దట్టంగా పేరుకుని ఒక్కసారిగా కుళ్ళితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. మూసుకున్నట్టుండే రేవుల్లో, మడుగుల్లో దానివల్ల చేపలు చనిపోతాయి. నడిసముద్రంలో గాలి లేస్తే చెదిరిపోతుంది.

ఇలా రాశానని మీ ఊరివాళ్ళ అనుమానాన్ని కొట్టిపారేశానని అనుకోకు. ఫ్యాక్టరీ గొట్టాల పక్కన బతికేవాళ్ళకి ఆ అనుమానం రావడం న్యాయమే. నీళ్ళ మీద నూనె తళుకు, మందు వాసన, తగ్గని నురగ, చచ్చిన చేపలు కనిపిస్తే నా జవాబు పక్కన పెట్టి, సీసాలో నీళ్ళు పట్టి, ఫొటో తీసి, కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు ఇవ్వండి.

పరీక్ష సులువే. శుభ్రమైన గాజుసీసాలో పొట్టుతో సహా నీళ్ళు పట్టి, కుదిపి నిలబెట్టండి. సజీవంగా ఉన్న ట్రైకోడెస్మియం కణాల్లో గాలి బుడగలుంటాయి కాబట్టి పైకి తేలుతుంది. చెక్కపొట్టు కూడా తేలుతుంది కాబట్టి అక్కడితో ఆగకండి. వేళ్ళ మధ్య నలపండి. చెక్క గరుకుగా మిగులుతుంది, ఇది మెత్తగా పచ్చగా చిదిమిపోతుంది. ఒకటి రెండు రోజులు వెలుతురులో ఉంచితే నీళ్ళు గులాబీ రంగుకి తిరగాలి.

వచ్చే మార్చిలో మళ్ళీ కనిపిస్తే, ఎన్ని బారల లోతులో, ఏ వేళకి, గాలి ఎటు వీస్తుండగా చూశారో నాన్నగారిని అడిగి ఒక నోటుబుక్కులో రాసిపెట్టు. సీసా నీళ్ళ ఫొటో కూడా తీసి పంపు, చూస్తాను.