బ్యాటరీ మార్చాక కారు తేడాగా నడుస్తుంటే మళ్లీ టెర్మినల్ తీయకండి

కొత్త బ్యాటరీ వేశాక ఐడిల్‌లో, అంటే కారు కదలకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, ఆర్‌పీఎం (ఇంజిన్ వేగం) ఎక్కుతూ దిగుతూ ఉందని, డ్రైవర్ వైపు కిటికీ అద్దం ఒక్క నొక్కుతో పైకి రావట్లేదని, మీటర్‌లో స్టీరింగ్ లైటు పోవట్లేదని రాశారు. నెగటివ్ టెర్మినల్ ఇంకోసారి తీసి పెడితే అంతా రీసెట్ అవుతుందా అని అడిగారు. దయచేసి తీయకండి. పాత బ్యాటరీ తీసినప్పుడే రీసెట్ అయిపోయింది. ఇప్పుడు కారు మళ్లీ నేర్చుకోవాలి, టెర్మినల్ తీస్తే నేర్చుకున్న కాస్తా పోతుంది.

ముందు టెర్మినల్స్ బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. మల్టీమీటర్ ఉంటే బ్యాటరీ వోల్టేజీ కొలవండి: ఇంజిన్ ఆపి కాసేపయ్యాక 12.6 వోల్టుల దగ్గర, స్టార్ట్ చేశాక మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి.

ఇక ఐడిల్ సంగతి. ఏసీ, లైట్లు అన్నీ ఆపి స్టార్ట్ చేయండి. యాక్సిలరేటర్ తాకకుండా ఇంజిన్ పూర్తిగా వేడెక్కనివ్వండి, తర్వాత ఏసీ వేసి ఇంకొన్ని నిమిషాలు ఉంచండి. ఆపైన ట్రాఫిక్‌లోనూ ఖాళీ రోడ్డు మీదా మామూలుగా నడపండి. చాలా కార్లకు ఇంతే చాలు. నా కారుకి చాల్లేదు, సిగ్నల్ దగ్గర ఆగిపోయేది. మెకానిక్ విప్పి చూపిస్తే థ్రాటిల్ బాడీలో (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) కార్బన్ పేరుకుపోయి ఉంది. ఆ మురికి వల్ల గాలి తగ్గుతుంటే ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, ఇన్నాళ్లూ థ్రాటిల్ కాస్త ఎక్కువ తెరుస్తూ సర్దుకొచ్చిందట. బ్యాటరీ తీసేసరికి ఆ లెక్క చెరిగిపోయింది. అంటే సమస్య పాతదే, కొత్త బ్యాటరీ దాన్ని బయటపెట్టింది. శుభ్రం చేయించి, స్కానర్‌తో (కారు కంప్యూటర్‌కి తగిలించే పరికరం) ఐడిల్ రీలెర్న్, అంటే ఆ లెక్కని మళ్లీ నేర్పించడం, చేయించాక పూర్తిగా కుదురుకుంది. మీకు కూడా రెండు మూడు రోజులు నడిపినా తగ్గకపోతే ముందు అక్కడే చూడమనండి.

అద్దం సులువు. ఇగ్నిషన్ ఆన్ చేసి, పూర్తిగా కిందికి దించి, పైకి లేపే స్విచ్ పట్టుకునే ఉండండి. మూసుకున్నాక కూడా కొన్ని సెకన్లు వదలొద్దు. ఆటో సౌకర్యం ఉన్న ప్రతి అద్దానికీ విడిగా చేయాలి. సెట్ అయ్యేదాకా వేలు అడ్డొస్తే ఆగే రక్షణ పనిచేయకపోవచ్చు, పిల్లల్ని దూరంగా ఉంచండి.

స్టీరింగ్ లైటుకి, ఇంజిన్ నడుస్తుండగా చివరిదాకా ఎడమకి, చివరిదాకా కుడికి తిప్పి, మధ్యకి తెచ్చి, కాసేపు నేరుగా నడపండి. అయినా పోకపోతే, స్టీరింగ్ ఎంత తిరిగిందో చెప్పే యాంగిల్ సెన్సర్‌ని స్కానర్‌తో క్యాలిబ్రేట్ (సరిచేయడం) చేయించాలి. స్టీరింగ్ బరువుగా తిరుగుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా వర్క్‌షాప్‌కి చూపించండి.

మీది స్టార్ట్-స్టాప్ (ఆగినప్పుడు ఇంజిన్ తనంతట తానే ఆగి, మళ్లీ స్టార్ట్ అయ్యే సౌకర్యం) ఉన్న కారైతే, వేసింది ఆ వాడకానికి చేసిన ఏజీఎం లేదా ఈఎఫ్‌బీ రకం బ్యాటరీయేనా అని చూసుకోండి, మామూలు బ్యాటరీ ఆ వాడకాన్ని ఎక్కువ కాలం తట్టుకోదు. కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ వేసినట్టు కారు కంప్యూటర్‌కి స్కానర్‌తో రిజిస్టర్ కూడా చేయాలి. పొల్యూషన్ పరీక్ష దగ్గర్లో ఉంటే కొన్ని రోజులు నడిపాకే వెళ్లండి, ముందు ఐడిల్ కుదురుకోవాలి.