పాత పటాల పనిలో చేరాలా, ఎమ్మెస్సీ చదవాలా?

ప్రశ్న: మాది కడప. మా అమ్మాయి బీఎస్సీ జియాలజీ పూర్తిచేసింది. ప్రభుత్వ భూగర్భ పటాలను డిజిటైజ్ చేసే ఒక ప్రైవేటు సంస్థ హైదరాబాద్‌లో కాంట్రాక్టు ఉద్యోగం ఇస్తానంటోంది. అది టైపింగ్ లాంటి పనేనని బంధువులు అంటున్నారు. చేర్పించమంటారా, ఎమ్మెస్సీ చదివించమంటారా?

జవాబు: మీ బంధువుల మాటతో నేను ఏకీభవించను. అయినా ముందు ఎమ్మెస్సీ చదివించమనే చెబుతాను.

మీ కడప, కర్నూలు రాళ్ల మీద విలియం కింగ్ రాసిన నివేదికను జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1872లోనే అచ్చువేసింది. ఇలాంటి పాత కాగితాలను స్కాన్ చేయడం తేలికే. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. పాత టోపోషీట్లు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే పటాలు, భూమి ఆకారానికి వేసిన ఎవరెస్ట్ అనే పాత లెక్క ప్రకారం గీసినవి. ఇప్పటి జీపీఎస్ డబ్ల్యూజీఎస్-84 అనే మరో లెక్క వాడుతుంది. ఆ తేడా సరిచేయకపోతే పటం మీది గని వంద మీటర్లకు పైగా పక్కకు జరిగిపోవచ్చు.

ఇంకో సంగతి. రెండు రకాల రాళ్ల మధ్య హద్దు నిండు గీతగా ఉందంటే, దాన్ని క్షేత్రంలో గుర్తించారని అర్థం. ముక్కలు ముక్కలుగా ఉందంటే, అక్కడ మట్టి కప్పేసిందో ఏమో, అంచనాతో గీశారన్నమాట. రాయి గురించి తెలియని ఆపరేటర్ ఆ ముక్కల్ని చక్కగా కలిపేస్తాడు. అంచనా కాస్తా నిజమై కూర్చుంటుంది. రేపు దాన్ని నమ్మి ఎవరో బోరు వేస్తారు. ఈ పనికి జియాలజీ చదివినవాళ్లే కావాలని నేను పట్టుబట్టేది అందుకే.

2023 డిసెంబరులో కేంద్రం జాతీయ భూవిజ్ఞాన సమాచార నిధి పోర్టల్‌ను ప్రారంభించింది. జియలాజికల్ సర్వే వారి భూకోశ్ పోర్టల్ అంతకుముందే ఉంది. వాటిలోకి వెళ్లే పటాలను సరిచూసి, ఇది ఒప్పు అని చెప్పే స్థాయికి మీ అమ్మాయి చేరాలి. సర్వేలో జియాలజిస్టు కొలువుకు యూపీఎస్సీ కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష రాయాలి, దానికి పీజీ తప్పనిసరి. బీఎస్సీతో ఆగిపోతే ఆ తలుపు తెరుచుకోదు.

ఇంట్లో డబ్బు అవసరం గట్టిగా ఉంటే ఒక ఏడాది చేరనివ్వండి, తప్పులేదు. అయితే చేరేముందు ఒక్కటి అడగమనండి: రోజంతా స్కానింగేనా, జియోరెఫరెన్సింగ్ (పటాన్ని నేల మీది అసలు చోట్లకు సరిపెట్టడం), లెజెండ్ (పటంలోని రంగులు, గుర్తుల వివరణ) సరిచూడటం కూడా నేర్పుతారా? స్కానింగే అంటే వద్దనేయండి.

ఎమ్మెస్సీలో చేరేలోపు పటాలు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమనండి, అది ఉచితం. భూకోశ్‌లో కడప జిల్లా పటం తెరిచి, మీ ఊరి చుట్టూ ఉన్న రాళ్ల హద్దులను తనే గీసుకోవాలి. తర్వాత ఒక ఆదివారం ఆ ప్రింటు పట్టుకుని మీరిద్దరూ ఆ హద్దు దాకా నడిచి వెళ్లి, రాయి నిజంగా అక్కడే మారుతోందో లేదో చూసి రండి.