విమానాశ్రయంలో ఏం తినాలో ఇంట్లోనే తేల్చుకో

బుజ్జమ్మా,

ఆశీస్సులు. నిన్న మీ అమ్మ ఫోను చేసింది. ఢిల్లీ విమానం ఎక్కే ముందు హడావిడిగా బర్గరు తిని, కూల్‌డ్రింకు తాగి, దిగేదాకా కడుపు ఉబ్బి అల్లాడిపోయావట. నెలకు రెండుసార్లు తిరగాల్సిన ఉద్యోగం నీది. పన్నెండేళ్లుగా షుగరుతోనే విమానాలు ఎక్కి దిగుతున్నవాణ్ణి కనుక నాకు తెలిసినంత రాస్తున్నాను.

ముందు ఆ ఉబ్బరం సంగతి. ఎగిరే విమానంలో గాలి ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు. ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద కూర్చున్నట్టే లెక్క. ఒత్తిడి తగ్గితే పేగుల్లో ఉన్న గాలి వ్యాకోచిస్తుంది. కూల్‌డ్రింకుతో నువ్వే కొంత గ్యాసు లోపలికి పంపావు. పైగా నూనె వస్తువులు కడుపులోంచి త్వరగా కదలవు. అందుకే ఎక్కే ముందు వేపుళ్లు, గ్యాసు పానీయాలు పూర్తిగా మానెయ్.

అసలు చిక్కు వేళలతో వస్తుంది. దేవనహళ్లి విమానాశ్రయం బెంగళూరుకు మన వైపే, 44వ నంబరు జాతీయ రహదారికి దగ్గరలోనే ఉంది. అయినా అనంతపురం నుంచి మూడు గంటలు పడుతుంది. తొమ్మిదింటి విమానానికి తెల్లవారుజామున నాలుగింటికే ఇల్లు కదలాలి. ఆ వేళకు ముద్ద దిగదు. ఏడున్నరకు తనిఖీ దాటేసరికి కళ్లు తిరిగేంత ఆకలి. అప్పుడు కంటికి ఏది ముందు కనపడితే అదే తింటాం. ఆకలి మీద ఉన్నప్పుడు మంచిచెడులు ఎంచుకోలేం తల్లీ, నాకు అనుభవమే. అందుకే ఏం తినాలో ముందు రాత్రే తేల్చుకో.

అన్నిటికంటే మేలు మన జొన్న రొట్టె. మీ అత్తయ్య రాత్రి పలుచగా తట్టి, తడి ఆరేదాకా కాల్చి, చల్లారాక వేరుశనగ పొడి రాసి చుట్టి, బట్టలో పెట్టి స్టీలు డబ్బాలో సర్దుతుంది. మర్నాడు మధ్యాహ్నానికీ పాడవదు. పొడిని విడిగా పొట్లం కట్టుకోకు. కారప్పొడి, పచ్చడి చేతిసంచిలో కనిపిస్తే తనిఖీలో తీసేయించవచ్చు. రొట్టెకు రాసేస్తే ఆ పేచీ ఉండదు. ఒక అరటిపండు, గుప్పెడు వేయించిన వేరుశనగలు తోడుంటే పూట గడిచిపోతుంది. విదేశాలకు వెళ్లేటప్పుడు మాత్రం పండ్లు దిగేలోపే తినెయ్. చాలా దేశాలు లోపలికి రానివ్వవు.

తిరుగు ప్రయాణంలో డబ్బా ఖాళీ కదా, అప్పుడు కొనక తప్పదు. దుకాణాలన్నీ ఒకసారి చుట్టి చూసి రా, ఐదు నిమిషాల పని. ఇడ్లీ దొరికితే ఇక వెతకకు. ఆవిరి మీద ఉడికింది, అడగ్గానే ఇస్తారు. వడ వద్దు. ఒక చోట, ముందెప్పుడో వేయించి పెట్టిన వడలను అడిగినప్పుడల్లా మళ్లీ నూనెలో ముంచి తీయడం కళ్లారా చూశాను. దోసె అయితే వెన్న, నెయ్యి వద్దని పెనం మీద పిండి పోయకముందే చెప్పు. ఇడ్లీతో మాంసకృత్తులు పెద్దగా అందవు కాబట్టి ఉడికించిన గుడ్డు తీసుకో, ఒక్కో గుడ్డులో ఆరు గ్రాముల దాకా ఉంటాయి.

పది, అంతకు మించి శాఖలున్న హోటళ్లు మెనూలో క్యాలరీలు రాయాలన్న నిబంధన 2022 నుంచి అమల్లో ఉంది. మామూలు మనిషికి రోజుకు 2,000 చాలు. ఒక్క శాండ్‌విచ్‌కే ఏడెనిమిది వందలు రాసి ఉంటే పక్కన పెట్టు. సలాడ్ పేరు చూసి మోసపోకు, సాస్ విడిగా ఇమ్మని అడుగు. వేడినీళ్లు పోసి ఇచ్చే కప్పు ఉప్మా కొనేముందు వెనక సోడియం ఎంతో చదువు. రోజుకు ఐదు గ్రాముల ఉప్పు మించకూడదంటారు, అంటే 2,000 మిల్లీగ్రాముల సోడియం. ఒక్క కప్పులోనే ఏడెనిమిది వందలుంటే రోజు వాటాలో మూడో వంతుకు పైగా అక్కడే తీరిపోయినట్టు. కోల్‌కతా, చెన్నై విమానాశ్రయాల్లో ఉడాన్ యాత్రీ కేఫ్‌లు పెట్టారు, పది రూపాయలకే టీ ఇస్తారు. టీ తాగు. చవకగా వస్తోందని సమోసా తినకు.

ఖాళీ సీసా తీసుకెళ్లి తనిఖీ అయ్యాక నింపుకో. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది, గుక్కెడు గుక్కెడుగా తాగుతూ ఉండు.

మీ అమ్మను వెంట తీసుకెళ్లినప్పుడు మరో జాగ్రత్త. తనదీ షుగరు ఒళ్లే. ఒకసారి పది నిమిషాల్లో భోజనం వస్తుందన్నారని నేను మాత్ర ముందే వేసుకున్నాను. నలభై నిమిషాలైనా రాలేదు. షుగరు పడిపోయి, చేతులు వణికి, చెమటకు చొక్కా తడిసిపోయి, గేటు పేరు కూడా చదవలేకపోయాను. పక్కన కూర్చున్న ఒక తల్లి తన బిడ్డ కోసం తెచ్చుకున్న అరటిపండు ఒలిచి నా చేతిలో పెట్టింది. ఆమె మేలు ఈ జన్మకు మరవను. పళ్లెం ఎదుటికి వచ్చాకే మీ అమ్మ చేత మాత్ర వేయించు. విమానం బయల్దేరడానికి ఇరవై, ఇరవై ఐదు నిమిషాల ముందే గేటు మూసేస్తారు. అంతకు అరగంట ముందే తినడం ముగిసేలా చూసుకో.

వచ్చే మంగళవారం ప్రయాణమన్నావు కదా. సోమవారం రాత్రి మీ అత్తయ్య నాలుగు రొట్టెలు కాల్చి ఉంచుతుంది, ఎనిమిది తర్వాత వచ్చి తీసుకెళ్లు. పోయినసారి పట్టుకెళ్లిన డబ్బా కూడా తెచ్చివ్వు.

మీ మామయ్య
అనంతపురం