పాత జిప్సీతో రాళ్లెక్కే బగ్గీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా దగ్గర టూవీల్ డ్రైవ్ బొలెరో ఒకటి ఖాళీగా పడి ఉన్నది. తెలిసినాయన ఆర్మీ వేలంలో కొన్న పాత జిప్సీ ఇస్తానంటున్నడు. రాళ్లెక్కే బగ్గీకి ఏది మంచిది? (మిర్యాలగూడ)

జవాబు: జిప్సీ తీసుకోండి. మీ బొలెరోకి ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే గేర్ల పెట్టె) లేదు, ముందు చక్రాలకు ఇంజిన్ శక్తి అందదు. ఆ కేసూ, శక్తి అందుకునే ముందు యాక్సిలూ వెతికి తెచ్చి అమర్చేసరికే సగం డబ్బు ఖర్చవుతుంది. జిప్సీకి లో రేంజ్ (వేగం బాగా తగ్గించి లాగుడు పెంచే అదనపు గేర్) ఉన్న ట్రాన్స్‌ఫర్ కేస్, ముందూ వెనకా రిజిడ్ యాక్సిళ్లు (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు), కమాన్ పట్టీలు కంపెనీ నుంచే వస్తాయి. బరువూ తక్కువే. పాత మహీంద్రా ఎం.ఎం. 540 దొరికినా ఇవే గుణాలుంటాయి, కాకపోతే బరువెక్కువ.

కొనేముందు కమాన్ బ్రాకెట్ల దగ్గర ఛాసిస్‌ను సుత్తితో తట్టి చూడండి. తుప్పు లోపలికి తిన్నచోట శబ్దం మందంగా వస్తుంది. లో గేర్ వేసి కాస్త దూరం నడిపి, అది తనంతట తాను జారిపోతోందేమో చూడండి. ఎం.పి.ఎఫ్.ఐ. (పెట్రోలును ఇంజెక్టర్లతో పిచికారీ చేసే) ఇంజిన్ ఉన్న బండికే మొగ్గు చూపండి. కార్బురేటర్ బండి బాగా వాలినప్పుడు ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు ఒక పక్కకు చేరుతుంది. ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువైనా అవుతుంది, అందకుండానైనా పోతుంది. బండి ఆగిపోయేది సరిగ్గా రాతి మధ్యలోనే.

ప్రశ్న: 1.3 లీటర్ల ఇంజిన్ సరిపోదు, పెద్ద డీజిల్ ఇంజిన్ పెట్టమని మెకానిక్ అంటున్నడు. నిజమేనా? (జడ్చర్ల)

జవాబు: అవసరం లేదు. రాతి మీద కావలసింది వేగం తగ్గించే గేరింగ్. మొదటి గేర్ నిష్పత్తిని లో రేంజ్ నిష్పత్తితో, దాన్ని మళ్లీ డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టె) నిష్పత్తితో గుణించండి. జిప్సీకి సుమారు 3.65 × 2.27 × 3.91, అంటే 32. ఇంజిన్ 800 ఆర్.పి.ఎం. దగ్గర ఐడిల్‌లో (గ్యాస్ ఇవ్వకుండా) ఉంటే 33 అంగుళాల టైర్లతో బండి గంటకు దాదాపు 4 కిలోమీటర్లు పోతుంది. అది మనిషి నడక. మట్టి దారికి చాలు, నిలువు బండకు ఎక్కువ. డ్రైవర్ వేగం ఆపడానికి క్లచ్ సగం నొక్కి పట్టుకుంటాడు, క్లచ్ ప్లేట్ కాలిపోతుంది.

జిప్సీకి దగ్గరి బంధువైన సుజుకీ సమురాయ్ కోసం విదేశాల్లో 4.16 నిష్పత్తి ఉన్న లో గేర్ సెట్లు తయారవుతాయి. అలాంటిది వేస్తే మొత్తం 59 దాటుతుంది, అదే ఐడిల్‌లో వేగం గంటకు 2 కిలోమీటర్లకు దిగుతుంది. తెప్పించేముందు మీ ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పి షాఫ్టు స్ప్లైన్లు (షాఫ్టు మీది గాడి పళ్లు) లెక్కపెట్టించండి. డబ్బు పరిమితంగా ఉంటే ముందు రోల్ కేజ్ (బండి పల్టీ కొట్టినా మనిషిని కాపాడే పైపుల చట్రం), తర్వాత గేర్లు, ఆ తర్వాతే టైర్లు. చాలామంది ఈ వరుసను తలకిందులు చేస్తారు. పెద్ద టైర్లు ముందే వేస్తే గేరింగ్ ఇంకా వేగవంతమవుతుంది, యాక్సిల్ షాఫ్టుల మీద ఒత్తిడీ పెరుగుతుంది.

ప్రశ్న: రోల్ కేజ్‌ను గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో జి.ఐ. పైపుతో చేయించవచ్చా? (నల్గొండ)

జవాబు: చేయించకండి. ఈ బండిలో రాజీ పడకూడనిది ఇదొక్కటే. నీళ్ల పైపు నీటి ఒత్తిడికి చేసింది, దెబ్బను తట్టుకోవడానికి కాదు. పైగా దాని జింకు పూత వెల్డింగ్ వేడికి ఆవిరై అతుకులో బుడగలు వదులుతుంది, ఆ పొగ పీల్చినవాళ్లకు జ్వరం వస్తుంది.

కోల్డ్ డ్రాన్ సీమ్‌లెస్ పైపు అడగండి. రెండు సీట్ల బగ్గీకి 44.5 మి.మీ. బయటి వ్యాసం, 3 మి.మీ. మందం సరిపోతుంది. మీటరు సుమారు 3 కిలోలు తూగుతుంది. 30 మీటర్లు పట్టినా మొత్తం బరువు 90 కిలోల చుట్టూనే. వంపులకు పైప్ బెండర్ ఉన్న షాపు వెతకండి. ఇసుక నింపి, వేడి చేసి వంచితే వంపు దగ్గర పైపు నొక్కుకుపోతుంది, బండి పల్టీ కొట్టినప్పుడు మొదట మడతపడేది అక్కడే.

పైపును పైపుకు అతికించేచోట చివరను చేప నోరులా గుండ్రంగా కోసి కూర్చోబెట్టాలి. ఖాళీని వెల్డింగ్‌తో నింపితే అతుకు పగులుతుంది. సి.ఓ.2 వెల్డింగ్ గానీ టిగ్ గానీ వాడండి. ముందు ఒక ముక్క మీద అతికించి, కోసి, లోపలిదాకా కరిగిందో లేదో చూసుకున్నాకే కేజ్ మొదలుపెట్టండి. సీటు వెనక నిలబెట్టే పైపు చట్రానికి (హూప్) ఏటవాలు పైపు తప్పనిసరి. అది లేని చతురస్రం పక్కకు పడితే మడతపడుతుంది. కేజ్ కాళ్లను రేకు ఫ్లోరుకు కాక ఛాసిస్‌కు దింపండి. సీటునూ, బెల్టులనూ ఆ కేజ్‌కే బిగించండి, లేదంటే ఫ్లోరు కదిలినప్పుడు మనిషి కేజ్‌కు గుద్దుకుంటాడు. హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాక తలకూ పైపుకూ మధ్య కనీసం 75 మి.మీ. ఉండాలి. భుజం బెల్టు కట్టే అడ్డపైపు భుజాల ఎత్తులోనో, కొద్దిగా కిందో ఉండాలి. చాలా కిందకు ఉంటే దెబ్బ తగిలినప్పుడు బెల్టు వెన్నెముకను కిందికి నొక్కుతుంది.

ప్రశ్న: ఒక చక్రం గాలిలోకి లేస్తే అదే తిరుగుతున్నది, బండి కదలదు. డిఫరెన్షియల్ వెల్డింగ్ చేయించవచ్చా? (కల్వకుర్తి)

జవాబు: రోడ్డెక్కని బగ్గీకి వెనక యాక్సిల్‌లో చేయించవచ్చు. చవకైన పని. డిఫరెన్షియల్‌లోని స్పైడర్ గేర్లను (రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే చిన్న గేర్లు) పూర్తిగా విప్పి, నూనె మరక లేకుండా కడిగి, వేడిచేసి వెల్డింగ్ చేయించి, నెమ్మదిగా చల్లారనివ్వండి. రవ్వలు ఒక్కటి మిగిలినా బేరింగ్ పోతుంది. ముందు యాక్సిల్‌లో మాత్రం వద్దు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి గ్యాస్ ఇస్తే చక్రం దగ్గర యాక్సిల్ లోపల ఉండే జాయింట్ విరగవచ్చు, అదీ సాధారణంగా ఏటవాలు మీదే.

బండి ఎత్తు పెంచడానికి కొందరు యాక్సిల్ కింద ఉన్న కమాన్ పట్టీలను యాక్సిల్ పైకి మారుస్తారు. దానితో చాలానే ఎత్తు వస్తుంది, పల్టీ ప్రమాదమూ వస్తుంది. పట్టీలు మెలితిరగకుండా యాక్సిల్‌కు ఒక కట్టు బార్ కావాలి. పని అయ్యాక ఒక చక్రాన్ని జాకీతో లేపి, మరొకదాన్ని వేలాడదీసి, బ్రేక్ గొట్టం ఎక్కడైనా బిగుసుకుంటోందేమో చూడండి.

ప్రశ్న: టైరు పక్కలు కోసుకుపోతున్నయ్. గాలి ఎంత పెట్టాలి? (దేవరకొండ)

జవాబు: ఇక్కడి గ్రానైట్‌కు మామూలు రిమ్ముతో 12 నుంచి 15 పి.ఎస్.ఐ. ఉంచండి. అంతకంటే దించితే టైరు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు. బీడ్‌లాక్ రిమ్ములు (టైరు అంచును బిగించి పట్టుకునేవి) ఉంటే 8 దాకా దిగవచ్చు. కొత్తగా పగిలిన క్వారీ రాయి అంచు బ్లేడులా ఉంటుంది, అక్కడ మెత్తటి టైరు పక్కను రాయికి ఒరుసుకోనీయకండి.

ప్రశ్న: ఎండకాలం బండి పది నిమిషాలకే వేడెక్కుతున్నది. (సూర్యాపేట)

జవాబు: మెల్లగా పోయే బండికి రేడియేటర్ మీద గాలి ఆడదు. ష్రౌడ్‌తో (గాలిని రేడియేటర్ గుండానే లాగించే ఫ్యాన్ చుట్టూ ఉండే కవరు) సహా ఎలక్ట్రిక్ ఫ్యాన్, దానికి చేతి స్విచ్ పెట్టండి. మన ప్రాంతపు బోరు నీళ్లు రేడియేటర్‌లో పోయవద్దు, సున్నం పేరుకుని సన్న గొట్టాలు మూసుకుపోతాయి. డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ వాడండి.

ప్రశ్న: ఇది రోడ్డు మీద నడపవచ్చా? గుట్టల మీదికి తీసుకుపోవచ్చా? (అచ్చంపేట)

జవాబు: రోడ్డు మీద వద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులను ఒప్పుకోదు. 182ఎ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానాగానీ, 6 నెలల దాకా జైలుగానీ, రెండూగానీ పడవచ్చు. రిజిస్ట్రేషన్ రద్దు కోసం ఆర్.టి.ఓ. ఆఫీసును అడిగి, బగ్గీని డి.సి.ఎం. మీద తరలించండి.

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లోకి తీసుకెళ్లడం నేరం. భువనగిరి, దేవరకొండ కోటల రాళ్లు రక్షిత కట్టడాలు. ముడుమాల్‌లోని నిలువురాళ్లు పూర్వీకులు నిలిపినవి, పొలాల్లో గుండ్రంగా పేర్చిన బండలు వాళ్ల సమాధుల గుర్తులు. వాటి దరిదాపులకు బండి పోకూడదు. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకున్న పట్టా భూమి గానీ పని ఆగిన క్వారీ గానీ వెతకండి. క్వారీ అయితే నడిపేముందు పగలు నడిచి చూసి, నీటి గుంతలనూ, పేలకుండా మిగిలిన పేలుడు మందు రంధ్రాలు ఉండే అవకాశాన్నీ గురించి యజమానిని అడగండి.