మలేరియా వస్తే క్యాన్సర్ వైరస్ రెచ్చిపోతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మలేరియా వల్ల ఇమ్యూనిటీ దెబ్బతిని ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ రెచ్చిపోయి క్యాన్సర్ వస్తుందని చదివాను. నాకు కాలేజీ రోజుల్లో ఒకట్రెండు సార్లు మలేరియా వచ్చి తగ్గింది. ఇప్పుడు భయపడాలాండీ?

జవాబు: మీకైతే అక్కర్లేదండీ. చదివింది అబద్ధం కాదు గానీ అది మలేరియా విపరీతంగా ఉండే చోట్ల చిన్నపిల్లల సంగతి. ఆ వైరస్ ప్రపంచంలో పెద్దవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఉంటుంది, మీకూ నాకూ ఉండే ఉంటుంది, ఒకసారి వచ్చిందంటే బి-కణాల్లో (యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలు) దాక్కుని జీవితాంతం అక్కడే, టి-కణాలు (వైరస్ సోకిన కణాల్ని పట్టే తెల్ల రక్తకణాలు) కాపలా కాస్తాయి కాబట్టి మనకి తెలీను కూడా తెలీదు.

1958లో ఉగాండాలో డెనిస్ బర్కిట్ అనే సర్జన్ పిల్లల దవడల్లో వచ్చే క్యాన్సర్ గడ్డల గురించి రాశాడు, 1964లో ఆ గడ్డ కణాల్లోనే ఈ వైరస్ దొరికింది. మరి అందరికీ ఉన్న వైరస్ అక్కడి పిల్లల్నే ఎందుకు పట్టుకుంది? ఆ గడ్డలు ఎక్కువున్న చోటల్లా ఏడాది పొడుగునా ఫాల్సిపారం అనే రకం మలేరియా ఉంది మరి.

పశ్చిమ కెన్యాలో మలేరియా విపరీతంగా ఉండే కిసుము పిల్లల్నీ, తక్కువుండే నాండీ పిల్లల్నీ పోల్చి చూస్తే, కిసుములో సుమారు మూడో వంతు మందికి ఆర్నెల్లలోపే వైరస్ అంటుకుంది, నాండీలో అంతమందికి కాదు. 5-9 ఏళ్ళ వయసులో వైరస్ మీద టి-కణాల స్పందన కూడా కిసుము పిల్లల్లోనే నీరసంగా ఉంది, సరిగ్గా ఈ క్యాన్సర్ ఎక్కువగా వచ్చే వయసు కూడా అదే. పైగా మలేరియా పరాన్నజీవి బి-కణాల్ని మాటిమాటికీ విభజించేలా రెచ్చగొడుతుంది, ఆ హడావుడిలో కణ విభజనని నడిపించే మిక్ అనే జీన్ చోటు మారిపోతే గడ్డకి దారి పడినట్టే.

అలాగని ఇమ్యూనిటీ మొత్తం పడిపోదు, నాకు బాగా ఆసక్తిగా అనిపించేది ఇదే. జబ్బు వచ్చిన పిల్లల్లో ఈబీఎన్ఏ-1 అనే ఒక్క వైరస్ ప్రోటీన్ని పట్టే టి-కణాల స్పందన లోపించింది, మిగతావి బాగానే పనిచేస్తున్నాయి. గడ్డలో వైరస్ బయటపెట్టేది దాదాపు ఆ ఒక్క ప్రోటీనే! ఇంతా చేసి అక్కడి పిల్లల్లో కూడా చాలామందికి ఈ క్యాన్సర్ రాదు.

మీరు చూసుకోవాల్సింది వేరే ఉంది. మీకొచ్చింది వైవాక్స్ అనే రకం మలేరియా అయితే అది లివర్లో దాక్కుని నెలల తర్వాత కూడా తిరగబెట్టొచ్చు, ఈసారి జ్వరం వస్తే రక్త పరీక్ష చేయించుకోండి, డాక్టర్ ప్రైమాక్విన్ (లివర్లో దాక్కున్నవాటిని చంపే మందు) కోర్సు రాస్తే జ్వరం తగ్గిందని మధ్యలో ఆపేయకండి.