పోర్షన్ ఒక్కటే, అడిగేవాళ్లు ఆరుగురు

ప్రశ్న: మారతహళ్లిలో మా పైపోర్షన్‌కి, రెండు బెడ్‌రూములు, 28,000 అద్దె అని టూలెట్ బోర్డు పెట్టాం. వారంలోనే ఆరుగురు అడిగారు. కుటుంబాలున్నాయి, కలిసి ఉంటామంటున్న ముగ్గురు ఉద్యోగినులున్నారు, ఇంటి నుంచే సొంత పని చేసుకునే ఒకాయన ఉన్నారు. ఒకరు రెండు వేలు ఎక్కువిస్తామంటున్నారు. అన్యాయం లేకుండా ఎలా తేల్చాలి?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు షరతులు కాగితం మీద పెట్టండి. మనుషుల్ని చూశాక ఆలోచిస్తే, నచ్చినవాళ్లకు తగ్గట్టు షరతులే మారిపోతాయి. అద్దె, అడ్వాన్స్, ఎంతమంది ఉండొచ్చు, బండికి చోటు, చేరే తేదీ. ఆరుగురికీ ఒకే వాట్సాప్ మెసేజ్ పంపండి. షరతులకు సరిపోయి, కాగితాలన్నీ ముందుగా ఇచ్చినవాళ్లకే ఇల్లు అని అందులోనే చెప్పండి.

ఎంతమంది అన్నది నీళ్లను బట్టి తేల్చండి. మనిషికి రోజుకు 135 లీటర్లని లెక్క, నలుగురికి 540. మీ సంపు, బోరు ఎంతమందికి ఆగుతాయో ఆ అంకె కుటుంబానికైనా ఉద్యోగినులకైనా ఒకటే. రాత్రి గోల భయమైతే, పదింటి తర్వాత చప్పుడు వద్దని అగ్రిమెంట్‌లో రాయండి. కులం, మతం, ఏం వండుకుంటారు అన్నవి అడగకండి. నెలనెలా అద్దె వస్తుందో లేదో వాటితో తెలియదు.

చేతికొచ్చే ఆదాయంలో అద్దె మూడో వంతు దాటకుండా చూసుకోండి: 28,000 అద్దెకు 84,000. పే స్లిప్పులో పై అంకె కాదు, పీఎఫ్, పన్ను పోగా అడుగున మిగిలేది చూడాలి. ముగ్గురు ఉద్యోగినుల జీతాలు కలిపి లెక్కేయాలి. ఒక్కొక్కరికీ విడిగా 84,000 కావాలంటే వాళ్లను గుమ్మంలోనే తిప్పి పంపినట్టు. సొంత పని ఆయనకు పే స్లిప్పు ఉండదు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ చాలు.

పాత ఓనరుకు ఫోన్ చేసేటప్పుడు ఒక మెలిక ఉంది. ఇప్పుడున్న ఓనరు వాళ్లను వదిలించుకోవాలనుకుంటే తెగ పొగుడుతాడు. అందుకే అంతకుముందున్న ఓనరునూ కనుక్కోండి. "మంచివాళ్లేనా" అని కాదు, అద్దె ఏ తేదీకి వచ్చేది, ఖాళీ చేస్తామని ఎన్ని రోజుల ముందు చెప్పారు, అడ్వాన్స్‌లో ఎంత పట్టుకున్నారు అని అడగండి.

రెండు వేల ఆశ వద్దు. 11 నెలల అగ్రిమెంట్‌కు వచ్చే అదనం 22,000. స్తోమతకు మించి ఒప్పుకున్నవాళ్లు మధ్యలో వెళ్లిపోయి ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉన్నా 28,000 పోయినట్టే. పైగా బోర్డు మీది అద్దెను నమ్మి వచ్చినవాళ్ల ముందు పాట పెట్టినట్టవుతుంది.

పది నెలల అడ్వాన్స్ అనే పాత అలవాటూ మానండి. ఒకేసారి 2,80,000 తీసివ్వగలిగినవాళ్లే మిగులుతారు, నెలనెలా సక్రమంగా కట్టేవాళ్లు తప్పుకుంటారు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇళ్లకు రెండు నెలలకు మించొద్దంటోంది.

గొడవలు ఎక్కువగా టోకెన్ దగ్గరే వస్తాయి. ఒక్కరి దగ్గరే తీసుకోండి. ఎవరు వెనక్కి తగ్గితే ఎంత తిరిగివ్వాలో రసీదులో రాసి, ఆ తర్వాత ఇల్లు ఎవరికీ చూపించకండి. వారంలో అగ్రిమెంట్ మీద సంతకం కాకపోతే వరుసలో తర్వాతివాళ్లను పిలుస్తామని ముందే చెప్పి ఉంచండి. సంతకమయ్యాక మిగతావాళ్లకు ఆ రోజే కబురు పెట్టండి, వాళ్లు ఇంకో ఇల్లు వదులుకుని మీ కోసం ఆగి ఉండొచ్చు. వాళ్ల ఆధార్ కాపీలు, స్టేట్‌మెంట్లు ఫోన్‌లోంచి తీసేయండి. అసలు అందరి దగ్గరా చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడిగితే సరిపోతుంది.